పునాది కింది నేల

ఇల్లు కట్టబోయేవారు మొదట దిక్కులు చూస్తారు. తరవాత ముహూర్తం చూస్తారు. గదుల కొలతలూ, ద్వారబంధానికి కావలసిన కర్రా, గోడల రంగూ ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయిస్తారు. ఈ బరువంతా మోయవలసిన నేలను మాత్రం తొంగి చూసేవారు తక్కువ. పునాది మోస్తుంది కదా అని వారి ధీమా. పునాది ఇంటి బరువును నేలకు పంచి అందిస్తుంది, అంతే. మోసేది నేలే.

నేలలన్నీ ఒకే తీరున మోయవు. మొరం, రాతినేల చాలావరకు నమ్మదగినవి. నల్లరేగడి సంగతి వేరు. మహారాష్ట్రలోని సోలాపూరు, కర్ణాటకలోని రాయచూరు, బళ్ళారి ప్రాంతాల వారికి ఈ నేల బాగా తెలుసు. పత్తికీ జొన్నకూ అది కన్నతల్లి. ఇంటికి మాత్రం పేచీకోరు. అందులోని మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం తన పొరల మధ్యకు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. వేసవిలో చేలో చెయ్యి దూరేటంత నెర్రెలు కనబడేది ఇందుకే. వానాకాలంలో అదే నేల గోడలను పైకి నెట్టుతుంది. ఇల్లంతటినీ సమానంగా ఎత్తితే ఇబ్బంది ఉండేది కాదు. గోడ బయటి నేల తడుస్తుంది, ఇంటి నడిమి నేల అంతగా తడవదు. ఒక మూల లేస్తుంది, మరొక మూల ఉండిపోతుంది. తలుపు చట్రంలో ఇరుక్కుంటుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట బయలుదేరుతుంది. సిమెంటు పూస్తే మరుసటి ఏడు మళ్ళీ విచ్చుకుంటుంది.

సోలాపూరులో తరాల తరబడి మగ్గాన్ని నమ్ముకుని బతికిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంట ఒక జీవితకాలపు కూలి డబ్బు రెండు గదులుగా మారుతుంది. పైకప్పు కారితే బాగుచేసుకోవచ్చు, గోడ సున్నం రాలితే మళ్ళీ వేసుకోవచ్చు. పునాది చెడితే రెండోసారి కట్టుకునే శక్తి వారికి ఎక్కడిది?

పూర్వులు నేలను చూడకుండా ఇళ్ళు కట్టారనుకోరాదు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక పరీక్ష చెప్పాడు. మూరెడు గొయ్యి తీసి, తీసిన మన్నుతోనే దానిని పూడ్చాలి. మన్ను చాలకపోతే ఆ చోటు మంచిది కాదు, సరిపోతే మధ్యమం, మిగిలితే శ్రేష్ఠం. గట్టిగా కుదురుకున్న నేలను తవ్వితే మన్ను గుల్లబారి ఎక్కువవుతుంది, అందుకే మిగులుతుంది. చాలలేదంటే ఆ నేల ముందే గుల్లగా ఉందన్నమాట. అదే గోతిలో నిండా నీళ్ళు పోసి, నూరడుగులు నడిచి తిరిగి వచ్చి, నీరు తగ్గిందేమో చూడమని కూడా ఆయన చెప్పాడు. నేడు వాస్తు పేరిట దిక్కులు మిగిలాయి, గొయ్యి పోయింది! అయితే నల్లరేగడి గుట్టు ఈ పరీక్షకు చిక్కదు. నెర్రెలు లేని కాలంలో ఆ బంకమన్ను నీటిని చక్కగా నిలుపుతుంది కనుక మంచి నేలగానే చలామణీ అవుతుంది.

దాని గుట్టు పట్టడానికి మరొక ఉపాయం ఉంది. ఎండబెట్టి జల్లించిన మన్నును పదేసి గ్రాముల చొప్పున రెండు గాజు కొలజాడీలలో వేస్తారు. ఒకదానిలో నీళ్ళు, రెండవదానిలో కిరోసిన్ పోసి ఒక రోజు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో మన్ను ఉబ్బదు. అక్కడ 10 మిల్లీలీటర్ల వద్ద నిలిచిన మన్ను నీళ్ళలో 16 దాకా ఎగబాకితే 60 శాతం ఉబ్బిందని లెక్క. 50 దాటితే జాగ్రత్తపడవలసిందే. 1977లో వెలువడిన భారత ప్రమాణాలలో ఈ పరీక్ష ఉంది. అయ్యే ఖర్చు ఇంటి ఖర్చులో లెక్కకు రాదు.

దీనికన్న ముందు చేయవలసింది, పునాది లోతుకు మించి ఒక గొయ్యి తవ్వించి దాని పక్కలు గీకి చూడడం. ఇటుక ముక్కలు, బూడిద, ప్లాస్టిక్ సంచులు బయటపడితే అది పూడ్చిన కుంటో, చెత్తదిబ్బో. ఆ పూడిక దాటి గట్టినేల చేరాలి. ఇరుగుపొరుగున బావి తవ్వినవారిని అడిగినా సగం సంగతులు తెలుస్తాయి.

ఉబ్బే నేల అని తేలినంత మాత్రాన స్థలం వదులుకోనక్కరలేదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అటువంటి నేలలకు అడుగున గడ్డలా ఉబ్బిన కాంక్రీటు స్తంభాల పునాదిని రూపొందించింది. సుమారు మూడున్నర మీటర్ల లోతున ఎండావానల ప్రభావం అంతగా ఉండదు; స్తంభం కాలు అక్కడ పాతుకుంటుంది. చిన్న ఇళ్ళకు కొంత లోతు నల్లమన్ను తీసివేసి మొరం నింపి దిమ్మిస కొట్టడమూ ఉంది. ఏ పద్ధతి అయినా స్నానాల గది నీరు గోడ పక్కన ఇంకనివ్వరాదు.

కాంక్రీటు పోసే రోజున మేస్త్రీ మరొకసారి గోతిలోకి దిగుతాడు. రాత్రి వాన కురిసి అడుగున బురద చేరి ఉంటే, దాని మీద పొడి ఇసుక చల్లి పని కానివ్వరాదు. నీరు తోడి, మెత్తబడిన పొరను పారతో గీకి, గునపం సులువుగా దిగని నేల తగిలేదాకా తీయాలి. పైన కూలీలు నిలబడి ఉంటారు, అద్దెకు తెచ్చిన యంత్రం తిరుగుతుంటుంది, ముహూర్తం దాటిపోతోందని పెద్దవారు కేకలు వేస్తుంటారు. మేస్త్రీ పైకి వచ్చి కాళ్ళు కడుక్కున్నాకే మొదటి తట్ట కాంక్రీటు కిందికి దిగాలి.