ఒళ్ళు చేయడం, కండ పట్టడం

మా కణేకల్ వైపు ఆడమనిషి ఒంటి గురించి రెండే మాటలు వినబడతాయి. "ఏమ్మే, ఒళ్ళు చేసినావే" అంటారు, లేదా "ఏమ్మే, చిక్కిపోయినావే" అంటారు. మొదటి మాటకు మొహం మాడ్చుకుంటాం. రెండో మాటకు పైకి దిగులు నటించి లోపల మురిసిపోతాం. "కండ పట్టినావే" అని ఒక ఆడమనిషిని మెచ్చుకోగా నేను ఇంతవరకూ వినలేదు. కండ కోడెలకు పట్టాల, కొడుకులకు పట్టాల. తెలుగు బి.ఏ. చదివిన బుద్ధి కదా, ఏ మాట ఎవరికి వాడుతున్నారో చూస్తూ ఉంటాను.

ఎనిమిది నెలల కింద నా లెక్కలు ఇవి. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, బరువు 66 కిలోలు, నడుము చుట్టుకొలత 37 అంగుళాలు. మన దేశపు ఆడవాళ్ళకు నడుము 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలంటారు. నలభై దాటాక ఆడవాళ్ళలో హార్మోన్లు తగ్గుముఖం పట్టేకొద్దీ కొవ్వు తొడల దగ్గరి నుంచి పొట్టకు చేరుతుంది. చేరినాక కదలదు, మొండి బకాయి మాదిరి. దాన్ని కరిగించాలని మనలో చాలామంది చేసేది ఒకటే, తిండి మానేయడం.

మా వీధిలో నా ఈడు ఆమె ఒకరు అదే చేశారు. రెండు పూటలా డబ్బాలోని పొడి కలుపుకుని తాగి, ఒక పూట ఇంత అన్నం. నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గారు. అందరం పోయి చూసొచ్చాం, పెండ్లికూతుర్ని చూసినట్లు. అయితే గ్యాస్ సిలిండర్ వాకిట్లోంచి వంటింట్లోకి దొర్లించడానికి పక్కింటి పిల్లోణ్ణి పిలుస్తున్నారు. మెట్లెక్కితే ఆయాసం. పొడి ఆపేసిన ఏడాదికి ఆ తొమ్మిది కిలోలూ తిరిగొచ్చాయి, ఈసారి అంతా పొట్టకే. ఒళ్ళు ఆకలికి మాడుతున్నప్పుడు, కండకు పనీ లేక ప్రొటీనూ అందకపోతే, కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. తిరిగి తిన్నప్పుడు కొవ్వు తొందరగా వస్తుంది, కండ రాదు. కండ తగ్గిన ఒంటికి ఖర్చు కూడా తక్కువ. మునుపటంత తిన్నా ఇప్పుడు మిగిలిపోతుంది.

ముప్పై దాటినప్పటి నుంచి పదేళ్ళకు నూటికి మూడు నుంచి ఎనిమిది వంతుల కండ తగ్గుతుందని డాక్టర్లు చెబుతారు. వాడకపోతే ఇంకా ఎక్కువ. దీని అర్థం ఏమిటో నాకు మా అత్తను చూస్తే తెలిసింది. ఆమెకు డెబ్బై రెండేళ్ళు, బరువు 41 కిలోలు, పొట్ట అనేదే లేదు. వయసులో రెండు బిందెలు ఒకేసారి మోసిన మనిషి. పోయిన వానాకాలం బాత్‌రూంలో జారి కూర్చుండిపోయింది. ఎముక విరగలేదు, దెబ్బ కూడా తగల్లేదు. లేవలేకపోయింది, అంతే. నేను సంత నుంచి వచ్చేదాకా, గంటన్నర, తడి నేల మీద అట్లే కూర్చుని ఉంది. సన్నగా ఉండడం వేరే, బలంగా ఉండడం వేరే.

ఇక తిండి సంగతి. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. ఆ వానకు పండేవి కొర్రలు, జొన్నలు, ఉలవలు, శెనక్కాయలు. కానీ మా కణేకల్‌కు తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు వస్తాయి, చెరువుంది, వరి మళ్ళున్నాయి. పక్కన హగరి ఇసుక దిబ్బలు, ఇటు పచ్చని వరి. దానికి తోడు 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. సంగటి ముద్ద పక్కకు పోయి రెండు పూటలా అన్నమే అయింది. అన్నాన్ని తిట్టను, కరువు చూసిన ఇండ్లకు అన్నం విలువ తెలుసు. కానీ లెక్క చూడండి. రోజుకు పావుకిలో బియ్యం వండుకు తింటే 875 కేలరీలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం, కూర్చుని చేసే పనులు ఎక్కువగా ఉన్న 55 కిలోల ఆడమనిషికి రోజు మొత్తానికి కావలసింది 1660. సగం పైన బియ్యానికే పోయింది. దాంట్లోంచి వచ్చే ప్రొటీన్ ఇరవై గ్రాములు కూడా ఉండదు. మామూలుగా ఉండడానికే 46 గ్రాములు కావాలి, కండ నిలుపుకోవాలంటే ఇంకా ఎక్కువ.

ఇంకో లెక్క ఏ సంస్థ పుస్తకంలోనూ ఉండదు, మన వంటింట్లోనే ఉంటుంది. ఆఖర్న తినేది ఎవరు? గిన్నెలో గుడ్ల కూర అయిపోయి ఉంటుంది. పప్పులో పప్పు పోయి నీళ్ళు మిగిలి ఉంటాయి. మిగిలేది ఎప్పుడూ అన్నమే. పారేయడానికి మనసొప్పక, నూనె తేలే ఊరగాయ వేసుకుని ఇంకో రెండు గరిటెలు ఊడ్చేస్తాం. ప్రొటీనంతా ముందు తినేవాళ్ళకు, కేలరీలన్నీ ఆఖర్న తినేవాళ్ళకు. బయటివాళ్ళు మనల్ని చూసి "ఇంట్లో కూర్చుని బాగా తింటాది" అంటారు.

అందుకని నేను మొదట మార్చింది వడ్డన. వండగానే నాకూ అత్తకూ రెండు గిన్నెల్లో పప్పు, కూర తీసి పక్కన పెడతాను. గుడ్లు ఉడకబెడితే మా ఇద్దరి గుడ్లు ముందే తీసేస్తాను. "నాకెందుకమ్మీ గుడ్డు, పిల్లోళ్ళకు పెట్టు" అని అత్త నెల రోజులు గొణిగింది. "పిల్లోళ్ళు బాత్‌రూంలో పడలేదు కదత్తా" అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను, కానీ తినింది. మా ఆయన మాత్రం ఒక రోజు ఖాళీ గిన్నె చూసి, ఏమీ అనకుండా పెరుగన్నం కలుపుకున్నాడు.

ఇప్పుడు నా రోజు ఇట్లా గడుస్తోంది. పొద్దున రెండు గుడ్లు, ఒక జొన్నరొట్టె. మధ్యాహ్నం ఒక కప్పు అన్నమో కొర్రన్నమో, గట్టి పప్పు రెండు గరిటెలు, కూర, పెరుగు. సాయంత్రం పిడికెడు ఉలవ గుగ్గిళ్ళు. రాత్రి చిన్న సంగటి ముద్ద, ఆకుకూర పప్పు, మజ్జిగ. ఆదివారం కోడికూర. నూనె రోజుకు నాలుగు చెంచాలు. అంతా కలిపితే 1500 కేలరీలకు అటూ ఇటూ, ప్రొటీన్ అరవై గ్రాములు. కడుపు మాడదు, రాత్రి నిద్ర పడుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగకుండా ప్రొటీన్ పెంచకండి.

శెనక్కాయల గురించి ఒక మాట చెప్పాలి, మా జిల్లా పంట కాబట్టి. వంద గ్రాముల విత్తనాల్లో ప్రొటీన్ పాతిక గ్రాములు ఉన్నమాట నిజమే. కానీ దాదాపు సగం నూనె, 550 పైన కేలరీలు. ఊరుబిండి ఒక చెంచాతో ఆగితే మంచిది, ఆగితే కదా! ఉలవల్లో ప్రొటీన్ 22 గ్రాములు, కొవ్వు లేనట్లే, కేలరీలు 320 దగ్గర. ఎద్దుల బలానికని ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాళ్ళు, ఆ ఉడకబెట్టిన ఆడవాళ్ళు మాత్రం చారుతో సరిపెట్టుకున్నారు. డబ్బా పొడుల అవసరం నాకు కనబడలేదు. కండ కోసం పొడుల మీద ఆధారపడొద్దని 2024లో పోషకాహార సంస్థ కూడా చెప్పింది.

తిన్నంత మాత్రాన కండ రాదు, బరువు ఎత్తాలి. మా అత్త కాలంలో నీళ్ళ బిందె, గడ్డిమోపు, రోకలి ఆ పని చేసిపెట్టాయి. కుళాయి, మిక్సీ వచ్చాయి, ఎవరూ వద్దనరు, నేను అసలే అనను. ఆ బరువును వేరే దారిలో తెచ్చుకోవాలి, అంతే. ఐదు లీటర్ల నూనె క్యాన్లు రెండింటిలో నీళ్ళు నింపి, చేతికొకటి పట్టుకుని పీట మీద కూర్చుని లేస్తాను. గోడకు చేతులానించి దండీలు. పాత సంచిలో ఇసుక పోసి, కుట్టి, దాన్ని ఎత్తి దించడం. మొదట ఏడు కిలోలు, ఇప్పుడు పదహారు. వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున. సులువైపోయిన రోజు ఇంకో గిద్దెడు ఇసుక కలుపుతాను, పెంచకపోతే కండ పెరగదు. పొట్ట వ్యాయామాలతో పొట్ట కొవ్వే తగ్గుతుందనేది ఉత్తమాట. కొవ్వు ఒళ్ళంతా తగ్గుతూ, దాంతో పాటే పొట్ట దగ్గరా తగ్గుతుంది.

బరువులెత్తితే మగరాయుడి మాదిరి అయిపోతావని చెల్లెలు ఫోన్లో భయపెట్టింది. మన ఒంట్లో మగవాళ్ళ హార్మోన్ అంత లేదు, వారానికి మూడు అరగంటలతో అదంతా జరగదు. శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. 69 కిలోల విభాగంలో. ఆ అంకె చూసి మనలో ఎంతమంది "అమ్మో, లావు" అంటామో ఆలోచించండి.

ఎనిమిది నెలలకు నా బరువు 62. నాలుగు కిలోలే. మధ్యలో రెండు నెలలు ముల్లు కదలలేదు, కానీ జాకెట్లు నడుము దగ్గర వదులై చేతుల దగ్గర బిగుసుకున్నాయి. నడుము 34 అంగుళాలు. ఇంకా రెండున్నర తగ్గాలి, బొడ్డు కింద మడత అట్లే ఉంది. అత్త 43 కిలోలకు వచ్చింది. మంచం పట్టె పట్టుకుని రోజుకు పదిసార్లు కూర్చుని లేస్తుంది, లెక్క నేను పెడితే ఎనిమిదికే పది అంటుంది. ఉగాదికి ఓలిగలు చేయాలి. నేను రెండు తింటాను, నెయ్యితోనే, ఆ పూట అన్నం జోలికి పోకుండా.