నాన్న నెత్తిన కాకి తన్నింది

శ్రీకాకుళంలో మా మేడ మెట్లని ఆనుకుని ఒక వేపచెట్టు ఉంది. నానమ్మ నాటింది. మే మూడో వారంలో ఒకరోజు పొద్దున్నే నాన్న వాటర్ ట్యాంకు చూద్దామని పైకెక్కారు. వెనక నుంచి ఓ కాకి సర్రుమని వచ్చి నెత్తి మీద తన్ని పోయింది. చిన్న గీత పడింది, అంతే. అమ్మ ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"ఓలమ్మో, కాకి తన్నీసిందా!"

కాకి తల మీద తంతే ఏమంటారో మీకూ తెలుసు. శని, కీడు, తలస్నానం, గుళ్లో దీపం. నాన్నకి అంతకు ఆరు నెలల ముందే గుండెకి స్టెంటు వేశారు. అందుకే అమ్మ భయాన్ని నవ్వి కొట్టిపారేయలేకపోయాను. స్నానం, దీపం అయ్యాయి. మర్నాడు అదే కాకి పాలబ్బాయిని తన్నింది, సాయంత్రం నన్ను. మూడో రోజుకి అమ్మ తీర్పు ఇచ్చేసింది. "ఆదివారం మనిషొస్తాడు, చెట్టు కొట్టీమన్నాను."

నాకు అప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్. మీటింగుల మధ్యలో కిటికీలోంచి ఆ చెట్టునే చూస్తూ కూర్చున్నా. పై కొమ్మల్లో గూడు, పుల్లలతో పాటు రెండు మూడు బైండింగ్ వైరు ముక్కలు కూడా ఉన్నాయి. పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. మెట్ల మీద ఆరో మెట్టు దాటితేనే కాకి లేస్తోంది. కింద వరండాలో ఎంతసేపు తిరిగినా పట్టించుకోదు. అంటే దానికి నాన్న జాతకంతో పని లేదు, ఆరో మెట్టుతోనే పని.

చదివితే లెక్క తేలింది. ఊరకాకి గుడ్లు పొదగడానికి 16, 17 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో మూడు నాలుగు వారాలు. ఆ తర్వాత అది మామూలు కాకే. "నాలుగు వారాలు ఆగమ్మా, ట్యాంకు పని నాది" అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు గానీ, కొమ్మలు కొట్టే మనిషికి వేరే పని తగిలి ఆ ఆదివారం రాలేదు. అదృష్టం అలా కూడా ఉంటుంది.

గొడుగేసుకుని మేడెక్కడం అలవాటు చేసుకున్నా. కాకి ఎప్పుడూ వెనక నుంచే వస్తుంది, తిరిగి సూటిగా చూస్తే చాలాసార్లు వెనక్కి తగ్గుతుంది. పరిగెత్తకూడదు. రాయి అసలు విసరకూడదు, ఎందుకంటే కాకులకి ముఖాలు గుర్తుంటాయి. 2006లో సియాటిల్‌లో జాన్ మార్జ్‌లఫ్ అనే శాస్త్రవేత్త బృందం మాస్కులు పెట్టుకుని కాకుల్ని పట్టి వదిలింది. ఆ మాస్కు కనిపిస్తే చాలు, ఏళ్ల తర్వాత కూడా అక్కడి కాకులు గోల పెట్టాయి. అవి అమెరికా కాకులే అనుకోండి, మనవాటి మీద పరీక్ష పెట్టే ధైర్యం నాకు లేదు. ఆస్ట్రేలియాలో మాగ్‌పై పక్షుల సీజన్ వస్తే సైకిలు తొక్కేవాళ్లు హెల్మెట్‌కి జిప్ టైలు ముళ్లలా కట్టుకుని తిరుగుతారు. ఆ ఫొటోలు చూపిస్తే నాన్న పడి పడి నవ్వారు. అమ్మ నవ్వలేదు.

జూన్ రెండో వారంలో ఇచ్ఛాపురం ఫ్రెండ్ ఫోన్ చేశాడు. "ఒక్క గూటికే ఇంత గొడవా? ఓసారి తేలుకుంచి రండ్రా." అమ్మని కూడా బయల్దేరదీశాను. హైవే మీద పలాస, సోంపేట దాటి వెళ్లాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ ఉద్దానం కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది. దారి పొడవునా అమ్మ ఆ కొబ్బరిచెట్లనే చూస్తూ కూర్చుంది.

తేలుకుంచిలో పక్షులు ఊరి బయట కాదు, ఇళ్ల మీదే ఉన్నాయి. పెరట్లో చింతచెట్టు నిండా కొంగలు, పుల్లలు మోస్తూ ముక్కులు టకటకలాడిస్తూ. రెండు ముక్కుల మధ్య సందుంటుంది, దాంతో పొలాల్లో నత్తల్ని పట్టి తింటాయి. సైబీరియా పక్షులని చాలామంది అంటారు గానీ, ఈ ఓపెన్‌బిల్ కొంగలు మన దక్షిణాసియావే. జూన్‌లో వచ్చి, పిల్లల్ని పెంచుకుని, చలికాలం ముంగిట్లో వెళ్తాయి. వాసన మాత్రం, నిజం చెప్పాలంటే, భరించడం కష్టం.

ఓ ముసలావిడ వాకిట్లో రెట్టలు కడుగుతోంది. "ఇలా నెత్తి మీద పడుతుంటే చెట్టు కొట్టీబుద్ధి కాదా?" అని అమ్మే అడిగింది.

"కొట్టీస్తే ఎలాగమ్మా? ఇవొస్తేనే వాన. పిల్ల కింద పడితే ఎత్తి పక్కనెడతాం. ఐదారు నెలలు. ఆడపిల్ల పురిటికొస్తే పొమ్మంటామేటి?"

తిరుగు ప్రయాణంలో అమ్మ పెద్దగా మాట్లాడలేదు. టెక్కలి దగ్గర టీ తాగుతుంటే మాత్రం, ఆ చెట్లు కొట్టే మనిషి నంబరు నా ఫోన్లో కూడా ఉందా అని అడిగింది. ఉందన్నాను. "తీసీ" అంది.

ఇంకో వారానికి గూటి పిల్లలు కొమ్మల మీదకొచ్చాయి. రెండు కాకిపిల్లలు, మూడోది ఏదో తేడాగా ఉంది. రెక్కల మీద తెల్లటి చుక్కలు, తోక పొడుగు. కోయిల పిల్ల! కాకి దాని నోట్లోనూ మేత పెడుతోంది. అమ్మ గొడుగు కింద నిలబడి చాలాసేపు చూసింది.

"ఇన్నాళ్లూ మీ నాన్నని తన్నింది ఈ కోయిలమ్మ కోసమేటిరా!"