నీటిలో కొరత – నాలో కొరత

నేను పెద్ద చదువు చదివినవాడిని కాను. భీమవరం దగ్గర ఒక పల్లెలో రొయ్యల చెరువు చేసుకొని బ్రతికే రైతును. నా అనుభవము మరొక కుటుంబానికి ఉపయోగపడుతుందేమోనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా నాన్నగారు మా ఇద్దరు అన్నదమ్ములకు చెరో ఎకరం పంచి ఇచ్చారు. రెండు చెరువులకూ మధ్య ఒకే గట్టు, బోరు కూడా ఒకటే. 2009లో మన దేశంలో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చాక, చాలామంది రైతుల్లాగే మేమూ టైగరు రొయ్య మాని వెనామీకి మారాము. కొన్ని పంటలు బాగానే వచ్చాయి. 2018లో వేసిన రెండవ పంట మాత్రం నన్ను పరీక్షించింది.

పిల్ల వేసి యాభై రోజులైంది. ఒక తెల్లవారుజామున చెక్ ట్రే ఎత్తి చూస్తే రొయ్య గుల్ల మెత్తగా ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోతోంది. మరునాటికి ట్రేలో రెండు మూడు చచ్చినవి కనబడ్డాయి, వాటిని తోటి రొయ్యలే తింటున్నాయి. రొయ్య పెరగాలంటే పాత గుల్ల విడవాలి. ఎక్కువగా రాత్రిపూట విడుస్తుంది. కొత్త గుల్ల గట్టిపడేదాకా దానికి ఏ రక్షణా ఉండదు. నా చెరువులో ఆ గుల్ల గట్టిపడడమే లేదు.

గుల్ల అంటే సున్నమే కదా అని బస్తాలకు బస్తాలు సున్నపుపొడి చల్లించాను. నాలుగు రోజులైనా మార్పు లేదు. బ్యాంకులో నా భార్య గాజులు కుదువలో ఉన్నాయి, మేత బాకీ పెరుగుతోంది. రాత్రులు నిద్ర పట్టేది కాదు. అలాంటప్పుడు మనస్సు ఎవరినో ఒకరిని దోషిగా నిలబెట్టాలని చూస్తుంది. ఆ వారమే మా తమ్ముడు తన చెరువు నీరు కొంత తీసివేశాడు. ఆ నీరే గట్టు ఊరి నా చెరువులోకి వచ్చిందని అనుకున్నాను. విచారించలేదు, అడగలేదు. గట్టు మీద పదిమంది కూలీల ఎదుట వాణ్ణి నోటికి వచ్చినట్లు తిట్టాను. "నా పిల్లల నోటి దగ్గర కూడు తీశావురా" అన్నాను. వాడు తల వంచుకొని వెళ్ళిపోయాడు.

ఆ తరువాత ఆదివారం మా సంఘములో ప్రభురాత్రి భోజనము. తెల్లచొక్కా వేసుకొని బయలుదేరుతుంటే నా భార్య గుమ్మం దగ్గర నిలబడి, "ఏమండీ, తమ్ముడితో మాట లేకుండా బల్ల దగ్గరకు ఎలా వెళ్తారు?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది గాని జవాబు రాలేదు. మత్తయి 5వ అధ్యాయములో 23, 24 వచనములు నాకు తెలియనివి కావు. బలిపీఠము దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట ఎన్నోసార్లు విన్నాను. అయినా వెళ్ళలేదు. ఆ రోజు ఆరాధనలో చివరి వరుసలో కూర్చున్నాను. రొట్టె, ద్రాక్షారసము నా దగ్గరకు వచ్చినప్పుడు తల దించుకొన్నాను.

మంగళవారం సాయంత్రం మా తమ్ముడి కూతురు వచ్చింది. "పెదనాన్నా, నాన్న ఇది మీకు ఇమ్మన్నాడు" అని ఒక కాగితం నా చేతిలో పెట్టి పరుగెత్తింది. అది నీటి పరీక్ష కాగితం. వాడు తన చెరువు నీటితో పాటు నా చెరువు నీరు కూడా సీసాలో పట్టి భీమవరంలో ల్యాబుకు తీసుకువెళ్ళాడు. నేను తిట్టిన మూడవ రోజునే వెళ్ళాడట. ఖర్చు కూడా వాడే పెట్టుకున్నాడు.

కాగితంలో అంకెలు ఇవి: ఉప్పుదనం 5 పీపీటీ. మొత్తం కాఠిన్యం 550, అందులో కాల్షియం కాఠిన్యం 200. ఆల్కలినిటీ 80. పీహెచ్ ఉదయం 7.6, సాయంత్రం 9. నాకు ఏమీ అర్థం కాలేదు. మరునాడు ల్యాబుకు వెళితే అక్కడి కుర్రవాడు ఓపికగా చెప్పాడు.

కాల్షియం కాఠిన్యాన్ని 0.4తో హెచ్చిస్తే కాల్షియం వస్తుంది. అంటే నా నీటిలో లీటరుకు 80 మిల్లీగ్రాములు. మొత్తం కాఠిన్యంలో నుండి కాల్షియం కాఠిన్యం తీసివేయగా మిగిలిన 350ని 0.243తో హెచ్చిస్తే మెగ్నీషియం వస్తుంది. అది 85. సముద్రపు నీటిలో కాల్షియం సుమారు 400, మెగ్నీషియం సుమారు 1300, అంటే ఒకటికి మూడు పాళ్ళు. ఆ లెక్క ప్రకారం 5 పీపీటీ నీటిలో కాల్షియం 58 చాలు, మెగ్నీషియం మాత్రం 195 ఉండాలి. నా చెరువులో కాల్షియం కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. మెగ్నీషియం సగం కూడా లేదు. నేను చల్లిందేమో సున్నం!

ఆల్కలినిటీ అంటే నీటికి ఉన్న నిలకడ అని చెప్పాడు. పగలు నీటిలోని పచ్చదనం బొగ్గుపులుసు వాయువును వాడుకొంటుంది కనుక పీహెచ్ పెరుగుతుంది. రాత్రి ఆ వాయువు మళ్ళీ చేరి పీహెచ్ తగ్గుతుంది. ఆల్కలినిటీ తగినంత ఉంటే ఈ ఊగిసలాట అదుపులో ఉంటుంది. పైగా గుల్లకు కాల్షియం ఒక్కటే చాలదు, దానితో కలిసే కార్బొనేటు కూడా కావాలి. అది ఆల్కలినిటీలో నుండే వస్తుంది. ఇది 100కు తగ్గకూడదు. పీహెచ్ 8.3 దాటిన నీటిలో సున్నపురాయి పొడి సరిగా కరగదు. నేను చల్లిన బస్తాలు చాలావరకు అడుగుకు చేరి బురదలో కలిసిపోయాయి. గాజుతొట్లలో పగడపు జీవులను పెంచేవారు కూడా ఈ మూడింటినే, కాల్షియం, ఆల్కలినిటీ, మెగ్నీషియం, కలిపి చూసుకొంటారట. ఒకటి తగ్గితే మిగతావి ఎంత ఉన్నా ఉపయోగం ఉండదు.

ఇంటికి వస్తూ సైకిలు తిన్నగా తమ్ముడి ఇంటికే తిప్పాను. వాడు వాకిట్లో వల బాగుచేసుకొంటున్నాడు. "తప్పు నీది కాదురా, నీరు నాదే, తప్పూ నాదే. నన్ను క్షమించు" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అన్నయ్యా, ముందు సోడా ఎంత వేయాలో చెప్పాడా?" అని అడిగాడు. మరదలు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇద్దరం అక్కడే కూర్చొని లెక్క వేశాము.

ఎకరం చెరువులో మీటరు లోతు నీరుంటే సుమారు 40 లక్షల లీటర్లు. మెగ్నీషియం ఒక్క మిల్లీగ్రాము పెంచాలంటే 4 కిలోల మెగ్నీషియం కావాలి. మెగ్నీషియం సల్ఫేటులో అది పదోవంతే ఉంటుంది కాబట్టి 40 కిలోలు వేయాలి. మొత్తం లోటు పూడ్చే స్తోమత నాకు లేదు. 20 మిల్లీగ్రాములకు 800 కిలోలు, వంద కిలోల చొప్పున ఎనిమిది రాత్రులు చల్లాము. ఆల్కలినిటీ 10 పెరగడానికి సోడా బైకార్బొనేటు సుమారు 68 కిలోలు పడుతుంది. 80 నుండి 120కి తేవడానికి 272 కిలోలు, దానినీ ఎనిమిది భాగాలు చేశాము. రెండింటినీ ఒకే డ్రమ్ములో కలపవద్దని ల్యాబులో చెప్పారు గనుక రాత్రి విడిచి రాత్రి వేశాము. ఆ పదహారు రాత్రులూ తమ్ముడు నాతో చెరువులో దిగాడు.

మూడవ వారానికి గుల్ల గట్టిపడింది, చావులు తగ్గాయి. పోయినవి తిరిగి రాలేదు. 50 కౌంటు వస్తుందనుకొన్న పంటను 80 కౌంటులోనే పట్టవలసి వచ్చింది. మేత బాకీ తీరింది గాని గాజులు మరో ఏడాది బ్యాంకులోనే ఉన్నాయి. అయినా మరుసటి ప్రభురాత్రి భోజనములో మేమిద్దరం ఒకే చాప మీద కూర్చొని పాలుపొందాము. అందుకు దేవునికి స్తోత్రము.

ఇప్పుడు ఇద్దరం పీహెచ్ రోజూ ఉదయం సాయంత్రం చూసుకొంటాము. వారానికొకసారి ఆల్కలినిటీ, పదిహేను రోజులకొకసారి కాల్షియం, మెగ్నీషియం పరీక్ష చేయిస్తాము. పెద్ద వాన పడితే నీరు పలచబడుతుంది కనుక తప్పక మళ్ళీ చేయిస్తాము. సీసాను అదే చెరువు నీటితో మూడుసార్లు కడిగి, అడుగు లోతు నుండి నీరు పడతాము. చూడకుండా ఒక్క బస్తా కూడా చల్లము.

ప్రియ సహోదరులారా, సంగతి వినక ముందే ప్రత్యుత్తరమిచ్చువాడు మూఢుడని సామెతలు 18:13 మనకు బోధిస్తున్నది. నీటిని పరీక్షించకుండా సున్నం చల్లినట్లే, విచారించకుండా మాటలు చల్లాను. నాలో కాఠిన్యము కావలసినదానికన్నా ఎక్కువే ఉండెను, దీర్ఘశాంతము కొరతగా ఉండెను. తన పుడిసిటిలో జలములను కొలిచిన దేవుడు (యెషయా 40:12) సముద్రములో ఏది ఎంత ఉండాలో నియమించాడు. మన హృదయములోని కొరత కూడా ఆయనకు తెలుసు. మీ ఇంటిలో, మీ గట్టు మీద మాట లేని సహోదరుడు ఎవరైనా ఉంటే, వచ్చే ఆదివారము వరకు ఆగవద్దు. ఈ సాయంత్రమే వెళ్ళండి.

ప్రభువు కృప మీ కుటుంబములకు తోడైయుండును గాక. ఆమేన్.