సీటు కింద వైరు

అమెరికా వచ్చిన కొత్తలో గడ్డి కొయ్యడం కూడా ఒక పనేనా అని నవ్వేవాణ్ని. ఒహాయోలో ఎకరం స్థలమున్న ఇల్లు కొన్నాక ఆ నవ్వు పోయింది. మే నెలలో రెండు వారాలు వదిలేస్తే పెరడు బీడే. తోసుకుంటూ నడిచే మిషనుతో అయ్యే పని కాదు, ఎక్కి కూర్చుని నడిపేది కావాలి. కొత్తది రెండు వేల డాలర్ల పైమాటే. అందుకని సెకండ్‌హ్యాండ్‌ది ఏడొందలకి కొన్నాను. ఏం చూసి కొన్నావయ్యా అంటే, రంగు చూసి! మూడో వారానికల్లా పెరట్లో ఎత్తు ఎక్కలేక చతికిలబడింది. హైడ్రోస్టాటిక్ గేరుబాక్సు అరిగిపోయిందట. చల్లగా ఉన్నప్పుడు బాగానే పోతుంది, వేడెక్కితేనే బండారం బయటపడుతుంది. బాగుచేయించే ఖర్చు బండి ఖరీదును దాటింది.

ఆ వేసవిలోనే తెనాలి దగ్గర మా ఊరి నుంచి నాన్న వచ్చారు. ముప్పై ఏళ్లు ట్రాక్టరు నడిపిన మనిషి. "ఈసారి నేనూ వస్తా పద" అన్నారు.

అమ్మే ఆయనకి డెబ్బై దాటి ఉంటాయి. నేను చెయ్యి కలుపుతుంటే నాన్న తిన్నగా వెళ్లి ఇంజను మీద అరచెయ్యి పెట్టారు. నాకు సిగ్గేసింది.

"చల్లగానే ఉందిరా. ముందే వేడిచేసి ఉంచితే ఎంత పాత ఇంజనైనా ఇట్టే అందుకుంటుంది."

ఆయిల్ పుల్ల తీసి చూశారు. పాల టీ రంగులో ఉంటే నీళ్లు దిగినట్టు. స్టార్టు చేయించి పొగ చూశారు. నీలంగా వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. తర్వాత ఇంజను ఆపించి, తాళంచెవి జేబులో వేసుకుని, ప్లగ్గు వైరు పీకి నేల మీద పడుకున్నారు. తడి గడ్డి అంటుకుని తుప్పు పట్టేది డెక్కు అడుగునే. చేతికి గుడ్డ చుట్టుకుని బ్లేడు ఊపి చూశారు, బేరింగులు వదులయ్యాయేమోనని. పావుగంట నడిపి ఎత్తు ఎక్కించే పని మాత్రం నాది. అనుభవం కదా!

బోనెట్ లోపల పెద్దాయన ఆయిల్ మార్చిన తేదీలు వరసగా రాసుకున్నాడు. నాన్నకి ఇంగ్లీషు రాదు, అంకెలొచ్చు. తలూపారు. ఇక బేరమే అనుకుంటుండగా సీటు పైకెత్తారు.

కింద స్విచ్చి లేదు. రెండు వైర్లు మెలేసి టేపు చుట్టి ఉన్నాయి. బ్లేడ్లు తిరుగుతుండగా మనిషి సీట్లోంచి లేస్తే ఇంజను ఆగిపోవాలి. ఆ స్విచ్చి ఉండేది అందుకే. గతుకుల్లో ఎగిరినప్పుడల్లా బండి ఆగిపోతోందని తీసేశానన్నాడు పెద్దాయన.

"ఏమంటాడు?" అన్నారు నాన్న. చెప్పాను.

నాన్న తన కుడిచెయ్యి ఆయన ముందు చాపారు. చూపుడువేలు సగమే ఉంటుంది. నా ఆరో ఏట గడ్డి కత్తిరించే చాఫ్ కట్టర్లో పోయింది. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడరు. ఆరోజూ మాట్లాడలేదు.

పెద్దాయన ఆ చేతిని కాసేపు చూసి, "రేపు రండి" అన్నాడు.

మర్నాటికి కొత్త స్విచ్చి వేసి ఉంచాడు. ఇద్దరూ కలిసి నాలుగుసార్లు బండెక్కి, లేచి పరీక్షించారు. లేచిన ప్రతిసారీ ఇంజను ఠక్కున ఆగింది. నేను బేరం మొదలెట్టబోతే నాన్న నా మోచెయ్యి నొక్కారు. అడిగిన తొమ్మిదొందలూ ఇచ్చేశాం.

శనివారం గడ్డి కోస్తుంటే మావాడు తాతయ్య ఒళ్లో కూర్చుంటానని ఒకటే గోల. చిన్నప్పుడు నన్ను ట్రాక్టరు మీద ఎన్నిసార్లు ఎక్కించుకోలేదు! నాన్న బండి ఆపి, దిగి, వాణ్ని ఎత్తుకెళ్లి ఇంట్లో వదిలి తలుపు వేసొచ్చారు. కోత అయిందాకా వాడు అద్దానికి ముక్కు ఆనించి ఏడుస్తూనే ఉన్నాడు.