ఎల్లారెడ్డి దారిలో యేసు పాటలు

కామారెడ్డి అనగానే చాలామందికి గుర్తొచ్చేది బెల్లం. 2016లో జిల్లాకేంద్రమైన ఈ ఊరి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి బస్సెక్కితే దారికి అటూఇటూ పొలాలు, మధ్యమధ్య అడవి, ఊళ్లలో చిన్నచిన్న ప్రార్థన మందిరాలు. ఆదివారం పొద్దున వాటి ముందు నుంచి వెళుతుంటే ఒకచోట డోలక్, తాళాలు. మరోచోట కీబోర్డు, రిథమ్‌ప్యాడ్. కొత్తవాళ్లయితే ఎవరో సినిమా పాట పెట్టారనుకుంటారు!

దక్షిణ ఇండియా సంఘంలో ఇది మెదక్ అధ్యక్ష మండలం పరిధి. ఇక్కడి పెద్దల చేతిలో ఉండేది 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'. పుస్తకం తెరిస్తే పాటల నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. పురుషోత్తమ చౌధరి (1803-1890) వంటి కవులు కర్ణాటక బాణీల్లో కట్టిన సంపద అది. అక్షరం రాని అవ్వలు సైతం చరణాలకు చరణాలు కంఠతా పాడేస్తారు.

మరి వాళ్ల మనవళ్లు, మనవరాళ్లు?

అమెరికాలో ఎమీ గ్రాంట్ 1970లలో, హైస్కూలు వయసులోనే భక్తి పాటల ఆల్బమ్ తెచ్చి టీనేజి పిల్లలకు దగ్గరైంది. తెలుగులో అలాంటి కుర్ర తారలు పుట్టలేదు. బాలసుబ్రహ్మణ్యం, చిత్ర లాంటి సినీ గాయకులు పాడిన క్యాసెట్లు, గుంటూరు కేంద్రంగా వచ్చిన హోసన్నా మినిస్ట్రీస్ పాటలు, ఆ తర్వాత యూట్యూబ్... ఇదీ వరస. పిల్లలకు మాత్రం అసలు బడి వేసవిలో జరిగే వీబీఎస్సే. 1898లో న్యూయార్క్‌లో ఒకావిడ వీధి పిల్లల కోసం బీరు హాలు అద్దెకు తీసుకుని మొదలెట్టిన సెలవుల బడి అది. ఇప్పుడు మండుటెండల్లో ఇక్కడా చేతులూపుతూ, గెంతుతూ యాక్షన్ సాంగ్స్ పాడిస్తోంది.

ఆ పాటల్లో నరకం భయం తక్కువ, ధైర్యం ఎక్కువ. భయపడకు, నువ్వు ఒంటరివి కావు, నీకో విలువుంది... ఇలా సాగుతాయి. తేలిక మాటలే! కానీ 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత తెలంగాణలో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. పాట అలాంటి కష్టాన్ని ఆపేస్తుందని చెప్పలేం. ఆ మాట పిల్లల చెవిన పదేపదే పడటం మాత్రం చిన్న సంగతి కాదు.

పెద్దల గొణుగుడు వేరే. మాటలు సరే, ఆ మోతేమిటని. అందులో కొంత న్యాయముంది. డోలక్ వాయించేవాడు పాడేవాళ్లని బట్టి నడిచేవాడు. అవ్వ ఊపిరి తీసుకుంటే ఆగేవాడు. ఇప్పుడు వాద్యగాళ్లు లేనిచోట ఫోనులో 'ట్రాక్' పెడతారు. అది ఎవరి కోసమూ ఆగదు. శ్రుతి కుదరని అమ్మాయి గొంతు చించుకోవాలి, చరణం అందని ముసలాయన నోరు మూసుకోవాలి. సంఘమంతా పాడే పాట నలుగురు పాడే పాటవుతోంది.

ఎల్లారెడ్డి దాటి నాగిరెడ్డిపేట, పోచారం జలాశయం మీదుగా వెళితే మెదక్. కరవు రోజుల్లో జనానికి పని, తిండి దొరికేలా చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన చర్చి అక్కడుంది. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. వందడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. క్రిస్మస్‌కు ఈ చుట్టుపక్కల ఊళ్ల జనం తెల్లవారుజాము ఆరాధనకే చేరుకుంటారు. కీబోర్డు పిల్లలూ డోలక్ పెద్దలూ ఒకే బండిలో!

ఈమధ్య యువత పాత కీర్తనలకే గిటారు జోడించి పాడుతోంది. పల్లవి అందుకోగానే వెనక వరసల్లోంచి పెద్దల గొంతులూ కలుస్తాయి. మధ్యలో గిటారు ముక్క వచ్చేసరికి ఆగిపోయి, చరణం ఎప్పుడెత్తుకోవాలో తెలియక పిల్లల మొహాలు చూస్తారు. అప్పుడు ముందు వరసలోని ఎవరో ఒకరు వెనక్కి తిరిగి, చెయ్యి పైకెత్తి సైగ చేస్తారు.