పైన గట్టిగానే ఉంది.. మరి లోపల?

మా గద్వాల నుంచి పొద్దున్నే బైక్ తీసి వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా శ్రీశైలం రూట్ పట్టిన. దోమలపెంటలో చాయ్‌కి ఆగితే చుట్టూ నల్లమల.. సెల్ఫీ దిగబుద్ధయ్యేంత పచ్చగా! కానీ ఎస్‌ఎల్‌బీసీ సొరంగం ఉన్నదీ ఇక్కడే. 2025 ఫిబ్రవరి 22న దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. నీళ్లు, బురద ముంచెత్తి 8 మంది చిక్కుకున్నారు. నెల దాటి వెతికితే దొరికినవి 2 మృతదేహాలే.

నాకు మనాలీ ట్రెక్ గుర్తొచ్చింది. మంచు వాలు ఎక్కేముందు గైడ్ పారతో నిలువునా గొయ్యి తవ్విండు. లోపల మంచు పొరలు పొరలుగా ఉంటది. పై పొర ఎంత గట్టిగా ఉన్నా, కింద పంచదార లాంటి వదులు పొర ఉంటే మొత్తం జారిపోవచ్చు. అందుకే గొయ్యి అంచున పార పెట్టి చేత్తో తడతారు. మెల్లగా 10, కొంచెం గట్టిగా 10, భుజం బలంతో ఇంకో 10. మాకు పదిలోపే పొర జారింది. ‘వెనక్కి పదండి’ అన్నడు.

సొరంగాల్లోనూ ఇదే లెక్క. ముందున్న రాతిలోకి సన్నటి బోరు వేసి నీళ్లున్నాయా, వదులుగా ఉందా అని చూస్తారు.

ఆ రోజు లీవులు, పైసలు వేస్ట్ అయినయని గైడ్ మీద మస్తు కోపమొచ్చింది. దోమలపెంటలో నిలబడ్డంక సిగ్గేసింది.