మూడోసారీ ఎడమ టైరే

ఫాల్గుణం వచ్చిందంటే మా ఇంట్లో కొల్లేటికోట పెద్దింట్లమ్మ ప్రయాణం హడావుడి మొదలవుతుంది. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. గణపవరం, ఆకివీడు మీదుగా ఆలపాడు వెళ్లి, అక్కణ్ణుంచి కొల్లేరు లోపలికి తిరగాలి. నా పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ ప్రయాణం ట్రాక్టరు మీదే. వెనక ట్రక్కులో వరిగడ్డి మందంగా పరిచి, దాని మీద జంపఖానాలు వేసి, పైన టార్పాలిన్ కడతారు. అత్తయ్యగారు, తోడికోడళ్లు, పిల్లలు, వంట గిన్నెలు, బియ్యం మూట, మంచినీళ్ల డబ్బాలు. ఇరవై మందికి తగ్గం. పిల్లలకైతే విమానం ఎక్కినంత సంబరం.

ఆ ట్రక్కు టైరు మూడేళ్లలో మూడుసార్లు పేలిందండీ. ట్రక్కుకి ఉన్నవే రెండు చక్రాలు. మూడుసార్లూ ఎడమవైపుదే.

మొదటిసారి ధాన్యం మిల్లుకి తోలుతుంటే పేలింది. రెండోసారి గూడెం మార్కెట్ నుంచి ఉల్లిపాయల బస్తాలు కిరాయికి వేసుకొస్తుంటే. ఆ రెండూ మగవాళ్ల గొడవలే అనుకుని, "భోజనానికి ఎప్పుడొస్తారు?" అని ఫోనులో అడిగి ఊరుకున్నాను. మూడోసారి మాత్రం ట్రక్కులో మేమే ఉన్నాం.

ఆకివీడు దాటాక ఢామ్మని పేలింది. ట్రక్కు ఒక్కసారిగా ఎడమకి ఒరిగింది. గిన్నెలు దొర్లాయి. అంచు పట్టుకుని నిలబడి కొంగల్ని చూస్తున్న మా చిన్నది ముందుకి తూలింది. గౌను నా చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది. రోడ్డు పక్కనే చేపల చెరువు.

అత్తయ్యగారు "మొక్కులో ఏదో లోపం జరిగింది" అన్నారు. మావారు "ఎండకి పేలింది, మామూలే" అన్నారు. జాకీ పెట్టి, స్టెపినీ బిగించి బయల్దేరాం. అమ్మవారి దర్శనం బాగానే అయింది గానీ, తిరిగి వస్తున్నంతసేపూ చిన్నదాన్ని ఒళ్లోంచి దించలేదు.

ఇంటికొచ్చాక నా ఖర్చుల పుస్తకం తీశాను. మూడు సెకండ్‌హ్యాండ్ టైర్లు, మూడు ట్యూబులు, దారిలో ఆగిపోయినప్పుడు కూలీలకిచ్చిన రోజు కూలి, మిల్లు దగ్గర మళ్లీ మళ్లీ ఎత్తి దింపిన ఖర్చు అన్నీ కూడాను. ఆ డబ్బుతో రెండు కొత్త టైర్లు వచ్చేవి. పుస్తకం మావారి ముందు పెట్టి, "ఈసారి టైరు కొనడానికి నేనూ వస్తాను" అన్నాను. నవ్వారు గానీ వద్దనలేదు.

పంక్చర్ షాపులో పెద్దాయన పేలిన టైరు తిప్పి చూపించాడు. "ఈ నాలుగంకెలు చూడమ్మా." పక్కన 1412 అని ఉంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అంటే 2012లో 14వ వారం తయారైంది. మా చిన్నదాని కంటే పెద్దది! బటన్లు అరగలేదు కదా అని మావారు తెచ్చారు. బటన్లు బాగున్నా లోపల రబ్బరు ముసలిదైపోతుందట. పైగా కోతలయ్యాక మా ట్రక్కు నెలల తరబడి ఎండలో కదలకుండా నిలబడే ఉంటుంది. టైరు పక్కలు పగిలిన పాదాల్లా ఉన్నాయి. దగ్గుమందు సీసా మీద తేదీ చూడందే పిల్లల నోట్లో పొయ్యం. ఇంటిల్లిపాదినీ మోసే టైరు మీద తేదీ ఉంటుందనే నాకు తెలీదు.

మరి ఎడమదే ఎందుకు అనడిగాను. "చెయ్యి పెట్టి నిమరండి" అన్నాడు. ఒకవైపుకి నున్నగా జారింది. వెనక్కి నిమిరితే కొబ్బరి కోరాములా గరుకుగా తగిలింది. చక్రం తిన్నగా దొర్లకుండా కాస్త పక్కకి ఈడ్చుకుంటూ పోతే అలా అరుగుతుందట. ట్రక్కు కిందకి దూరి చూస్తే ఎడమవైపు కమాను కట్టలో ఒక పట్టీ విరిగి, ఇరుసు పక్కకి జరిగి ఉంది. మేం టైర్లు మారుస్తూ పోయాం, జబ్బు ఇరుసులో ఉంది.

దానికి తోడు బరువు. బస్తా 75 కిలోల లెక్కన 60 బస్తాలంటే 4,500 కిలోలు, ట్రక్కు సొంత బరువు కాక. అందులో చాలా భాగం ఆ రెండు టైర్ల మీదే. గాలి కూడా తక్కువుంటే టైరు పక్కలు వంగుతూ లేస్తూ వేడెక్కిపోతాయి. ఇనప తీగని అటూ ఇటూ వంచుతుంటే వేడెక్కి విరుగుతుంది చూడండి, అలాగ.

ఆ రాత్రి అమెరికాలో ఉన్న మా ఆడపడుచుకి ఫోనులో ఇదంతా చెప్పాను. "వదినా, మాదీ అదే గొడవ!" అంది. వాళ్లు కారు వెనక ఇల్లులాంటి ట్రైలర్ తగిలించుకుని సెలవులకి తిరుగుతారు. అక్కడా ఏడాదిలో చాలా నెలలు అది పెరట్లోనే నిలబడి ఉంటుంది, టైర్లు చూడ్డానికి కొత్తగానే ఉంటాయి, హైవే మీద పేలతాయి. బటన్లు ఎలా ఉన్నా ఐదారేళ్లకి మార్చేస్తారట. సామానంతా సర్దాక కాటా వేయిస్తారట. అయితే ఒక్కమాట అడిగింది. "మేం మనుషులం కార్లో కూర్చుంటాం వదినా. మీరు ట్రక్కులో కూర్చుంటున్నారు కదా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. సామాను బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం ఉందని మా అందరికీ తెలుసు. ఊరంతా అలాగే వెళ్తోంది కదా అని మేమూ వెళ్లాం.

కమాను కట్ట మార్పించి, ఇరుసు సరిచేయించి, రెండు కొత్త టైర్లు వేయించాం. కానీ జాతరకి ఆడవాళ్లం, పిల్లలం ఆకివీడు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటోలు అని నేను గట్టిగా పట్టుబట్టాను. ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. పిల్లలు ఏడ్చారు. ఆ గడ్డి మీద పాటలు, ఒకరి ఒళ్లో ఒకరు నిద్ర, ఆ సరదా బస్సులో ఎక్కణ్ణుంచి వస్తుంది? నాకూ బెంగగానే ఉంది.

చివరికి తేల్చింది అత్తయ్యగారే. "ఆ రోజు పిల్ల గౌను చేతికి దొరక్కపోతే ఏ మొక్కు తీర్చుకునేవాళ్లం?" అన్నారు.

ఈ ఏడు ట్రక్కులో గిన్నెలు, బియ్యమే వెళ్లాయి. బయల్దేరే ముందు అత్తయ్యగారు కొత్త టైరుకి పసుపు కుంకుమ పెట్టి, నేను చెప్పినట్టే అరచేత్తో అటూ ఇటూ నిమిరి చూశారు.

మీరూ ఈ సాయంత్రం మీ స్కూటీ టైరు పక్కన ఆ నాలుగంకెలు ఓసారి వెతకండి.